సగం చక్రం

హరూర్ బస్టాండు బయట బండి ఆపుకుని, కిరాయికి వచ్చినవాళ్లు తాలూకా ఆఫీసులో పని ముగించుకుని రావడం కోసం కూర్చున్నాను. ధర్మపురి బస్సొకటి వచ్చి పక్కన ఆగింది. డ్రైవరు తెలిసినవాడే. కిటికీలోంచి తల బయటపెట్టి, "మీ సడ్డకుడు పోయినాడప్పా. తెల్లార్తో గుండెనొప్పి వచ్చినాదంట. నువ్వు కనిపిస్తే చెప్పమన్నారు" అని బస్సును లోపలికి తిప్పుకున్నాడు.

సడ్డకుడంటే తోడల్లుడు. నా భార్యకు అక్క మొగుడు. నేను అన్నా అని పిలిచేవాణ్ణి. అలాంటి వార్త విన్నాక మనిషికి ముందు ఏడుపు రావాలి, లేదా ఇంట్లోవాళ్లు గుర్తుకు రావాలి. నాకు ముందు గుర్తుకొచ్చినవి ఆయన కారు చక్రాలు. ఈ పొద్దు వాటిని ఎవరు తుడిచి ఉంటారు అనుకున్నాను. ఎవరూ తుడిచి ఉండరు. ఆ చక్రాల మీద నిన్నటి దుమ్ము అలాగే నిలిచి ఉంటుంది. అది తలచుకున్నాక వచ్చింది ఏడుపు.

నేను ధర్మపురి చేరేసరికి వాళ్ల వీధిలో బండి దూరే సందు లేదు. పెన్నాగరం నుంచి, పాలక్కోడు నుంచి కూడా జనం వచ్చారు. ఒకప్పుడు పెళ్లికూతుళ్లుగా ఆయన బండెక్కిన ఆడవాళ్లు చంకన బిడ్డలతో వచ్చి ఏడుస్తున్నారు. నేను చేతులు కట్టుకుని ఒక పక్కన నిలబడి, రేపు నేను పోతే వీళ్లలో ఎందరు వస్తారా అని చూస్తూ ఉండిపోయాను. సగం మంది కూడా రారనిపించింది. ఆయన అక్కడ పూలదండ కింద పడుకుని ఉన్నాడు, నేనేమో ఇక్కడ కుళ్లుకుంటున్నాను. బతికి ఉన్నన్నాళ్లూ ఉన్నది, మనిషి పోగానే ఎక్కడికి పోతుంది?

మా అత్తగారిది హరూర్ దగ్గర పల్లె. ఆవులూ మేకలూ పెట్టుకుని, మామగారు పోయాక కూడా ఒక్కతే సంసారం ఈదుకొచ్చిన మనిషి. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. ముగ్గురు ఆడపిల్లలు. పెద్దపిల్లను ఆయనకిచ్చారు, రెండోపిల్లను నాకు. ఇద్దరమూ బాడుగ కార్లు తోలేవాళ్లమే, ధర్మపురిలో ఒకే స్టాండులో నిలిపేవాళ్లమే. దాంతో మమ్మల్ని పక్కపక్కన పెట్టి చూడడానికి మా అత్తగారికి శ్రమ ఉండేది కాదు.

నాది అంబాసిడర్. ఆయనది ఏ దేశపుదో తెలియదు. ఆ పేరు పలకడం మా స్టాండులో ఎవరికీ చేతకాక, అందరూ పెద్దబండి అనేవాళ్లు. ఏర్కాడు కాఫీ తోటలో ఒక దొర వాడి వదిలేసిన కారు. పాత ఇనుముకు పోవలసినదాన్ని కొని తెచ్చుకుని, నడిచేలా చేసుకున్నాడు. దాని చక్రాలు పూర్తిగా క్రోమువి. అంచు నుంచి నడిమి దాకా అద్దమే. నా బండికి ఉన్నవి సాంబారు గిన్నె మీది మూతలంత. వాటిని ఎంత తోమినా అవి మూతల్లాగే కనిపించేవి.

ఆ చక్రాల ముందు వంగి తల దువ్వుకోని మనిషి మా స్టాండులో లేడు. బస్టాండు పోలీసాయన డ్యూటీ ఎక్కే ముందు దాంట్లో చూసుకుని మీసం సరిచేసుకునేవాడు. టీ తాగడానికి నా బండికి ఆనుకుని నిలబడేవాళ్లు, ముఖం చూసుకోవడానికి ఆయన బండి దగ్గరికి పోయేవాళ్లు. ఆయుధపూజ నాడు స్టాండులో మొదటి హారతి ఆయన బండికే. ఇక ముహూర్తాల కాలం వచ్చిందంటే చెప్పనే అక్కర్లేదు. పెళ్లివాళ్లు నా ముందు నుంచే నడిచిపోయి ఆయన్ను అడిగేవాళ్లు. ఆయనకు వీలుకాకపోతే తిరిగి నా దగ్గరికి వచ్చేవాళ్లు. అలా వచ్చినవాళ్లను నేను నవ్వుతూ పలకరించిన గుర్తు లేదు.

ఆయన తుడిచే పద్ధతి వేరు. ఎండలో తుడిచేవాడు కాదు. ప్రయాణం నుంచి వచ్చిన బండిని, చక్రం చల్లారేదాకా తాకేవాడు కాదు. ముందు చెంబుతో నీళ్లు వదిలి, దుమ్మంతా కారిపోయేదాకా ఓపికగా కూర్చునేవాడు. ఆ తరవాతే గుడ్డ పట్టేవాడు. ఒక్క నీటిబొట్టు కూడా దానంతటది ఆరకూడదు, ఆరితే మచ్చ పడుతుంది. వానాకాలంలో మాత్రం కొబ్బరినూనె కనీకనిపించకుండా పూసి, మళ్లీ తుడిచేసేవాడు. "రుద్దేది కాదప్పా, తుడిచేది" అనేవాడు. ఆ మాట నాకెన్నిసార్లు చెప్పాడో. నా చేతికి రుద్దడమే వచ్చు.

ఒకసారి ఆయన టీ తాగుతుంటే, బానెట్ మీద ఆరేసిన గుడ్డ తీసుకుని ఒక చక్రం ముందు కూర్చున్నాను. సాయం చేద్దామనే. ఆయన గ్లాసు పక్కన పెట్టి వచ్చి, నవ్వుతూనే నా చేతిలోంచి గుడ్డ తీసుకున్నాడు. "నీ బండి నువ్వు తుడుచుకో తమ్ముడా" అన్నాడు. కోపం లేదు, ఎగతాళి లేదు. కానీ ఇవ్వలేదు. ఆ పూట నుంచీ ఎప్పుడో ఒకనాడు ఆ చక్రాలను నా చేత్తో తుడవాలన్నది నా మనసులో పడిపోయింది. ఇల్లు కట్టాలనో పొలం కొనాలనో మనుషులకు ఉంటుంది చూడండి, నాకు ఇది.

అలా ఉండగా ఆయన చొక్కా జేబులో సిగరెట్ పెట్టెల్లోని వెండిరంగు కాగితాలు కనిపించాయి. ఒకటి కాదు, జేబునిండా. టీ అంగడివాడు కూడా వాటిని దాచిపెట్టి ఈయనకు ఇస్తున్నాడు. నాకు పట్టరాని సంతోషం కలిగింది. మా మామగారు బీడీలు తాగి తాగి దగ్గుతో పోయిన మనిషి. పొగతాగే అల్లుణ్ణి మా అత్తగారు గడప తొక్కనివ్వదు. లేని పని కల్పించుకుని నేను హరూర్ వెళ్లి, పెద్దల్లుడు దొంగచాటుగా సిగరెట్లు మొదలుపెట్టాడని, నాకు చాలా బాధగా ఉందని ఆవిడకు చెప్పి వచ్చాను.

ఆడి నెల పండక్కి అల్లుళ్లను పిలిచినప్పుడు, ఆకులు వేసి వడ్డించాక, ఆవిడ తలుపు పక్కన నిలబడి ఆ మాట అడిగేసింది. మా వదిన, అంటే ఆయన భార్య, చేతిలో నేతిగిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆయన మాత్రం పకపకా నవ్వి, జేబులోంచి కాగితాలు తీసి ఆకు పక్కన పెట్టాడు. భోజనం అయ్యాక మా అత్తగారిని కారు దగ్గరికి పిలుచుకుపోయాడు. చక్రం అంచున గోరంత తుప్పు మచ్చ ఉంది. కాగితం ఉండచుట్టి, నీళ్లలో ముంచి, పసిబిడ్డ బుగ్గ తుడిచినట్టు తుడిచాడు. మచ్చ పోయింది.

ఆవిడ చక్రంలో తన ముఖం చూసుకుంది. ఇంట్లోకి వెళ్లి పెట్టె తీసి, ఒక పాత నూలుచీర పట్టుకొచ్చింది. "పెద్దపాప కడుపులో ఉన్నప్పుడు కట్టిన చీర ఇది. ఉతికి ఉతికి పూవు మాదిరి అయిపోయినాది. మీ చక్రాలకు పెట్టుకోండి" అంది.

అల్లుళ్లకు పెట్టే కొత్త పంచెలు మా ఇద్దరికీ ఒకే అంచుతో, ఒకే అంగడి నుంచి వచ్చేవి. ఆ విషయంలో ఆవిడ న్యాయం తప్పలేదు. పాతచీర మాత్రం ఆయనకే. ఇంత వయసొచ్చి ఒక చింకిగుడ్డ కోసం కళ్లల్లో నిప్పులు పోసుకున్నవాణ్ణి నేనే అయి ఉంటాను. ఆ రోజు ఇంటికి కట్టిచ్చిన ఓళిగలు నేను ముట్టలేదు.

ఆ చీరతో ఏం చేస్తున్నాడో చూడాలని ఒకరోజు పొద్దున్నే జాకీ అడిగే నెపంతో వాళ్లింటికి వెళ్లాను. కంచె అవతలే నిలబడ్డాను. కారు వాకిట్లో ఉంది. వదిన ముగ్గు వేస్తోంది. ఆయన పీట వేసుకుని చక్రానికి పై సగం మాత్రం తుడిచాడు. లేచి ఇంకో చక్రం దగ్గరికి వెళ్లి దానికీ పై సగమే తుడిచాడు. నాలుగూ అలాగే చేశాడు. కింది సగం ఎందుకు వదిలేస్తున్నాడో నాకు అర్థం కాలేదు. అప్పుడు ఆయన "ఊఁ" అన్నాడు. వదిన ముగ్గుచిప్ప పక్కన పెట్టి, కొంగు బిగించి, బండి వెనక్కి పోయి డిక్కీ మీద రెండు చేతులూ ఆనించింది. ఆయన డ్రైవరు తలుపు తెరిచి, ఒక చెయ్యి స్టీరింగు మీద వేసి, భుజం తలుపుకమ్మికి ఆనించాడు. పెద్దబండి మెల్లగా కదిలింది.

"చాలు" అన్నాడు ఆయన.

ఆమె చేతులు తీసింది. బండి నిలిచింది. సరిగ్గా సగం చక్రం తిరిగింది. ఇప్పటిదాకా నేలవైపు ఉండి, వంగితే గానీ అందని సగం ఇప్పుడు పైకి వచ్చి నిలబడింది. ఆయన టైరు కింద ఇటుక పెట్టి మళ్లీ పీట మీద కూర్చున్నాడు. ఆమె మళ్లీ ముగ్గు దగ్గరికి పోయింది. ఇదంతా వాళ్లకు ఎంత అలవాటంటే, ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు కూడా. ఆ మాట వినేదాకా ఆమె తోయడం ఆపదు, విన్నాక జానెడు కూడా ముందుకు తోయదు.

నేను లోపలికి పోయి, ఇంజను వేసి కాస్త ముందుకు తీసుకుంటే పోయేదానికి ఇంత తంటా ఎందుకన్నా అని అడిగాను. "పెట్రోలు మిగులుతాది కదప్పా" అన్నాడు తల ఎత్తకుండానే. వదిన కూడా తల ఎత్తలేదు గానీ, ముగ్గు గీత లాగుతూ తనలో తాను నవ్వుకుంది. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్లు మండింది. చక్రాల సంగతి అటుంచండి. నేను చెప్పే మాటకు అలా తల వంచుకుని నవ్వేవాళ్లు మా ఇంట్లో లేరు.

ఇంటికి పోయి నా భార్యను తోయమన్నాను. "నేనేమన్నా ఎద్దునా?" అంది. బతిమాలితే వచ్చింది. మా సందు పల్లమని, మా ఆవిడ ఏ పని చేసినా ఒక పట్టు పట్టి చేస్తుందని నేను మరిచిపోయాను. చాలు అన్నాను. మళ్లీ అరిచాను. బండి నన్ను పక్కకు నెట్టేసి, పక్కింటివాళ్ల పేడదిబ్బలోకి పోయి నిలిచింది. నేను బండి కడుక్కునే లోపలే ఆ వార్త స్టాండుకు చేరింది. ఆయన ఒక్కడే ఆ రోజు నన్ను చూసి నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

ఇక మా అత్తగారి మూడోపిల్ల, నా మరదలి పెళ్లి. పెళ్లి ధర్మపురిలో మండపంలో. పెళ్లికూతురు పల్లె నుంచి కార్లో రావాలి. ఎవరి కార్లో అన్నది నాకు ప్రాణం మీదికి వచ్చింది. పెద్దల్లుడు ఎప్పటికీ పెద్దల్లుడే. ఈ ఒక్కసారికైనా పిల్ల నా బండిలో దిగితే చాలునని, మా ఆవిడ చేత మా అత్తగారికి చెప్పించాను. నా మూతలను చింతపండూ బూడిదా వేసి, ఇత్తడి బిందెలు తోమినట్టు తోమాను. నీడలో బాగానే ఉన్నాయి. ఎండలోకి తెచ్చేసరికి మీద ఉంగరాలు ఉంగరాలుగా గీతలు బయటపడ్డాయి. పిల్ల ఒకసారి నా బండి చూసింది, ఒకసారి పెద్దబండి చూసింది, పెద్దబండి వైపు తిరిగి నిలబడింది. ఆ పిల్లను నేను తప్పుపట్టలేను. నేనైనా దాన్నే ఎక్కేవాణ్ణి.

ఆ పొద్దు కూడా ఆయన చక్రాలకు పై సగం తుడిచి లేచాడు. వదిన లోపల పెళ్లికూతురికి జడ అల్లి పూలు కడుతోంది. తోసేవాళ్లు లేరు. నేను అక్కడే ఉన్నాను. చేతులు ఖాళీగా ఉన్నాయి. నేను తోస్తానన్నా అన్నాను. ఆయన నా వైపు చూసి, చిన్నగా తల అడ్డంగా ఊపాడు.

"నీకు తోసేది వస్తాది తమ్ముడా. నిలిపేది రాదు."

లోపలికి కేకేశాడు. వదిన సగం కట్టిన మల్లెల దండ మెడలో వేసుకునే పరిగెత్తుకొచ్చింది. తోసింది, చాలు అన్నాడు, చేతులు తీసింది, దండ కట్టుకుంటూ లోపలికి పోయింది. నేను పక్కన కొయ్యలా నిలబడి చూశాను. పెళ్లికూతురు నా బండి ఎక్కదన్నదానికంటే ఇది ఎక్కువ మండింది నాకు.

నా బండిలో అరటి గెలలూ, గంగాళాలూ ఎక్కాయి, వాటి మధ్య మా అత్తగారు. దారిలో ఆవిడ, "ఆ బండిలో కూర్చుంటే కొత్తకోడలి మాదిరి ఒళ్లు దగ్గర పెట్టుకోవాల. దీంట్లో అయితే కాళ్లు చాపుకోవచ్చు" అంది. ఈ మాట ఆయన ముందర ఒకసారి చెప్పండి అత్తా అన్నాను. ఆవిడ నిద్రపోతున్నట్టు కళ్లు మూసుకుంది.

ఆయన వల్ల నాకు మేలు జరగలేదని కాదు. తొప్పూరు కనుమలో నా బండి నిలిచిపోయిన రోజు, ఒక పెళ్లి బాడుగను వేరేవాళ్లకు అప్పగించి వచ్చి, తాడు కట్టి నా బండిని ఇంటిదాకా లాక్కొచ్చాడు. లారీల దుమ్మూ మట్టీ ఆయన చక్రాల మీద గోడ కట్టినట్టు కట్టాయి. నేను ఏదో చెప్పబోతే, చేతులు కడుక్కుని అన్నం తినమన్నాడు. మనిషి అంత మంచిగా ఉంటే పక్కవాడు ఎలా బతకాలో ఆయన ఎప్పుడూ ఆలోచించలేదు.

ఒక్క విషయంలో నేను ఆయనకంటే ఒక మెట్టు పైన. మా నాయన నాకు తెలుగు అక్షరాలు నేర్పించాడు. ఆయనకు తెలుగు మాట్లాడడమే వచ్చు, చదవడం రాదు. నేను పంచాంగం చదువుతుంటే పక్కన కూర్చుని, వేళ్లు అక్షరాల మీద పెట్టి చూసి, "బలే వస్తాదప్పా నీకు" అనేవాడు. ఇప్పుడైనా ఓర్వలేనితనం కనిపిస్తుందేమోనని ఆయన ముఖంలోకి చూసేవాణ్ణి. ఎంత వెతికినా కనిపించేది కాదు. ఇదంతా ఇలా రాస్తున్నానంటే, ఆయన ఉన్నా చదవలేడన్న ధైర్యం కూడా ఒకటి.

పదహారో రోజు కర్మలు అయ్యాక పిక్కిలి నుంచి ఒక ముసలాయన వచ్చాడు. మనవరాలి పెళ్లికి పెద్దబండి తెస్తానని మా అన్న మాటిచ్చి ఉన్నాడట. నేను నా బండి తెస్తానన్నాను. ముసలాయన నా బండి వైపు చూసి నసిగాడు. చావు జరిగిన ఇంటిదని పెద్దబండి శుభకార్యానికి పనికిరాదంటాడేమో అనుకున్నాను. ఆ పట్టింపు కూడా లేకపోయింది. "ఆయనే వస్తాడనుకున్నాము. ఆ బండినన్నా రానీ సామీ" అన్నాడు.

వదిన గడప లోపల కూర్చుని అంతా విన్నది. ముసలాయన వెళ్లాక, "ఆయన ఇచ్చిన మాట. నువ్వు తోలుకోని పో అప్పా" అంది. లేచి లోపలికి వెళ్లి, మా అత్తగారి చీరలో మిగిలిన ముక్కను తెచ్చి నా చేతిలో పెట్టింది. అది నిజంగానే పూవులా ఉంది.

మరునాడు పొద్దున్నే వెళ్లాను. వాకిట్లో ముగ్గు లేదు. నీళ్లు వదిలాను. దుమ్మంతా కారేదాకా ఆయన లాగే కూర్చున్నాను. రుద్దలేదు, తుడిచాను. ఇన్నేళ్ల ఆశ. క్రోములో నా ముఖం వెడల్పుగా, చెవిదాకా నోరు తెరుచుకుని కనిపించింది. సంతోషపడాలని చూశాను. గుడ్డ నా చేతిలో ఉన్నా, చక్రం నా ముందు ఉన్నా, అది ఇంకా ఆయనదే. నాలుగు చక్రాలకూ పై సగం తుడిచి లేచాను. నేను వదినను పిలవలేదు. ఆమె తనంతట తానే గడప దిగి, కొంగు బిగించి, బండి వెనక్కి పోయి డిక్కీ మీద చేతులు ఆనించింది.

నేను తలుపు తెరిచి, స్టీరింగు మీద చెయ్యి వేసి, భుజం ఆనించాను. బండి కదిలింది. తుడిచిన సగం కిందికి జారింది. దుమ్ము సగం పైకి వచ్చింది. ఇక్కడ ఒక మాట అనాలి. నోరు తెరిచాను. ఆ మాట ఆ వాకిట్లో ఇన్నేళ్లూ ఒక్క గొంతుతోనే వినిపించింది. నా గొంతులోంచి రాలేదు. వదిన చేతులు తీయలేదు. దుమ్ము సగం కిందికి పోయింది, మెరిసే సగం మళ్లీ పైకి వచ్చింది, మళ్లీ పోయింది. కంచె దాటి వీధిలోకి వచ్చేశాం. వెనక ఆమె తల వంచుకుని, తోస్తూనే ఉంది.